ఐసు కరగలేదు

జూన్ 22

ఐసు కరిగిపోవడం వల్ల నష్టం జరిగిందని నిన్న సొసైటీ మీటింగులో అన్నావు, వినోద్. తప్పు. ఐసు కరగలేదు. అసలు నష్టమే అది. గది నిండా, దిమ్మె మీద దిమ్మె, రాయిలాగా ఉంది. బయట పడవలు ఉన్నాయి. మధ్యలో నీ కంప్యూటరు ఉంది.

కావలి కాలేజీలో రెండేళ్ళు నా దగ్గర ఫిజిక్సు చదివినవాడివి. గడ్డకట్టిన నీళ్ళు కరగాలంటే వేడి తగలాలని ఆ రెండేళ్ళలో నీకు ఎక్కలేదంటే తప్పు నాది కాదు. నువ్వు కిటికీ పక్కన కూర్చునేవాడివి.

ఇది నీకు రాసే ఉత్తరం కాదు, డైరీ. నీ మీద నాకు కోపం కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి, ఊరుకోదు.

జరిగింది ప్రయోగం రికార్డు రాసినట్టు రాసి పెట్టుకుంటాను. లేకపోతే రేపు నా జ్ఞాపకాన్ని కూడా నీ రిపోర్టే దిద్దేస్తుంది.

చేపల వేట నిషేధం ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా, అరవై ఒక్క రోజులు. అది తీరిన తెల్లవారి ఈ తీరం మీది మరపడవలన్నీ ఒక్కసారే సముద్రంలోకి పోతాయి. అన్నిటికీ ఒక్కసారే ఐసు కావాలి. హార్బరు సొసైటీ ఐసు ఫ్యాక్టరీకి మేనేజరు మా బిందు, నా కూతురి కూతురు. వారం ముందు నుంచే దిమ్మెలు కట్టించి గది నింపింది. తెల్లవారి పడవలు వరసగా నిలబడ్డాయి. దిమ్మెలను పొడి చేసే క్రషరు తిరగలేదు. మూడేళ్ళ కింద నువ్వు డీలరుగా తెచ్చి పెట్టిన 'తీరబంధు' కంప్యూటరు ఏర్పాటు ప్రకారం, బిల్లు పడితేనే క్రషరు తిరుగుతుంది. ఆ బిల్లు ఎక్కడో దేశం అవతల కంప్యూటరులో పుట్టి ఇక్కడికి నడిచి రావాలి. ఆ పొద్దు పుట్టలేదు. 'అనుమతి లేదు' అని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నీకు ఫోను చేస్తే ఎత్తలేదు. బిందు ఓపిక పట్టినంత పట్టి, కంట్రోలు పెట్టె వైరు కోసి, క్రషరుకు నేరుగా కరెంటు ఇచ్చింది. మా రేవు పడవలు ఐసుతో పోయాయి.

తీరం పొడుగునా మిగిలిన ఐసు ఫ్యాక్టరీలకూ, చేపల కోల్డ్ రూములకూ, లారీల గేట్లకూ నీ తీరబంధే దిక్కు. ఆ పొద్దు అన్నీ మొండికేశాయి. అక్కడ వైరు కోసే బిందులు లేరు. కొందరు ఐసు లేకుండానే వేటకు పోయి, కంపు కొట్టే చేపతో తిరిగి వచ్చారు.

వారం తిరక్కుండా నీ రిపోర్టు వచ్చింది. బిందు వైరు కోసినందువల్లే దోషం అన్నిటికీ పాకిందట. ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో చెప్పే గడియారం కూడా నీ కంపెనీ దగ్గరే ఉంది. అది నువ్వు చెప్పినట్టే చెబుతుంది. సొసైటీ బిందును పనిలోంచి పక్కన పెట్టింది. ఆగస్టు ఇరవైన సర్వసభ్య సమావేశం. చేతులెత్తి తీసేస్తారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటుంది. కానీ తీరం మొత్తాన్ని ముంచిన పిల్ల అన్న పేరుతో ఏ హార్బరులో పని ఇస్తారు?

పాఠం అయింది. బల్ల మీద దుమ్ము తుడిచి పడుకుంటాను.

జూన్ 23

బీపీ నూట అరవై. ఉప్పు మానేశాను. నిన్ను మానలేదు.

జూన్ 27

బిందు పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉంది. మిక్సీ విప్పింది, బిగించింది. గోడ గడియారం విప్పింది. ఫ్యాను వంక చూస్తుంటే నేనే అడ్డం పడ్డాను.

"పెద్దలాయర్ని పెడదాం."

"వద్దమ్మమ్మా. వైరు కోసింది నేనే కదా. లేదని ఎట్ల చెప్పేది?"

"కోసినావు. ఎందుకు కోసినావో చెప్పు."

"చెప్పినాను. రాసిచ్చినాను. గంగాధరం మామ కళ్ళద్దాలు పెట్టుకుని రెండు సార్లు చదివినాడు. 'పాపా, నువ్వు అబద్ధం చెప్పవు. అట్లని కంప్యూటరు మాత్రం అబద్ధం చెబుతుందా?' అన్నాడు."

గంగాధరం సొసైటీ ఛైర్మను. మూడు పడవలున్నవాడు. సముద్రాన్ని నమ్మడు, గాలిని నమ్మడు, అల్లుణ్ణి నమ్మడు. కంప్యూటర్ని నమ్ముతాడు.

"వినోద్ అన్న మీద నువ్వేం పెట్టుకోవద్దు" అంది బిందు. "ఆయన కూడా ఉద్యోగం కాపాడుకుంటుండాడు."

ఈ పిల్లలో ఎక్కడో తయారీ లోపం ఉంది. పగ అనే భాగం బిగించడం మరిచిపోయారు. నా వైపు నుంచి రావలసింది.

జూలై 4

దొరవారిసత్రం పోయి వచ్చాను. తమ్ముడి వరస పద్మనాభయ్యకు కంటి ఆపరేషన్ అయితే పలకరింపు. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని తన వరికోత మిషనును తిడుతున్నాడు. అదీ తీరబంధు పెట్టెతోనే నడుస్తుందట. అద్దె బిల్లు పడితేనే ఇంజను లేస్తుంది.

"కోతలు లేనప్పుడు ఊరికే పెట్టినామనుకో అక్కా, చస్తాది. అరవై రోజులు బిల్లు లేకపోతే వ్యాపారం మూసేసినారు అనుకుంటాదంట. ఫోన్లో ఆ అమ్మాయి చెప్పింది. మళ్ళీ బతికించాలంటే ఒక పూటంతా బతిమలాడాల."

"మరి ఇప్పుడేం చేస్తున్నావు?"

"నెలకొకసారి మీ మరదలికి మిషను అద్దెకిస్తాను. పది రూపాయల బిల్లు. అది ఇంతవరకు ఒక్క రూపాయి కట్టలేదు."

మరదలు లోపలి నుంచి, "మిషను కూడా ఇంతవరకు నా వాకిట్లోకి రాలేదు వదినా" అంది.

నేను నవ్వలేదు. అరవై. వేట నిషేధం అరవై ఒకటి. ఎవరో నగరంలో, చల్లని గదిలో కూర్చుని, అరవై రోజులు బేరం లేనివాడు బతికి ఉండడని తేల్చారు. రెండు నెలలు పని ఆపి వలలు కుట్టుకునే మనుషులు ఈ దేశంలో ఉన్నారని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తీరం మీద ఆఖరి ఐసు బిల్లు నిషేధానికి ముందు రోజు పడి ఉంటుంది. తరవాత అందరూ ఒకే రోజున చచ్చారు. బిందు కత్తెర చేతికి తీసుకోకముందే.

వచ్చేటప్పుడు ప్యాసింజరు రైల్లో సీటు దొరికింది. చాలా రోజుల తరవాత కిటికీ బయటికి చూశాను.

జూలై 5

నీకు ఫోను చేశాను. ఈసారి ఎత్తావు.

"అరవై రోజుల రూలు ఒకటి ఉందటగా వినోద్?"

నువ్వు టీవీ చప్పుడు తగ్గించావు. తగ్గించడం నేను విన్నాను.

"అది హార్వెస్టర్ల పాత వెర్షన్ మేడం. ఐసు ఫ్యాక్టరీలకి, పెద్ద కస్టమర్లకి అట్లాంటిది లేదు. అయినా మీకెందుకు మేడం ఈ టెన్షన్లు? రెస్ట్ తీసుకోండి."

ఆ మాటే గంగాధరానికి రాసి ఇచ్చావట, మధ్యాహ్నమే, సంతకంతో. నేను చెప్పబోతే ఆయన నాకు అది చూపించాడు. "కోత మిషనుకీ ఐసుకీ సంబంధమేంది టీచరమ్మా?" అన్నాడు. ఇంటికి పొమ్మనలేదు. కుర్చీ మాత్రం వెయ్యలేదు.

జూలై 9

ఐసు సున్నా డిగ్రీల దగ్గర వేడి పీలుస్తూనే ఉంటుంది. థర్మామీటరు మాత్రం కదలదు. గుప్తోష్ణం అంటారు. నీకు కోపంగా ఉందా అమ్మమ్మా అని బిందు అడిగింది. లేదన్నాను.

ఆగస్టు 6

శ్రావణం వచ్చింది. నువ్వూ వచ్చావు, భార్యతో, పళ్ళెంలో పెళ్ళి కార్డుతో. కూతురి పెళ్ళి. నా కాళ్ళకు దణ్ణం పెట్టావు. వంగినప్పుడు నడినెత్తిన జుట్టు పలచబడడం కనిపించింది. సంతోషించాను. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

"ముందు రోజు సాయంత్రం రిసెప్షన్ మేడం. మీరు రావాల, బిందు రావాల. సొసైటీ వాళ్ళందరూ వస్తుండారు. ఆఫీసు సంగతి ఆఫీసులోనే."

"ఎక్కడ అబ్బయా?"

"పర్వేజ్ ఫంక్షన్ హాల్లో. మన జైతూన్‌బీ మేడం వాళ్ళ అబ్బాయిది. అది కూడా మన సిస్టమే. లైట్లు, ఏసీలు, నీళ్ళ మోటారు, జనరేటరు, అన్నీ ఒక్క బిల్లుతో లేస్తాయి."

అలాగే వస్తామన్నాను. నీ భార్యకు కుంకుమ ఇచ్చాను.

ఆగస్టు 8

జైతూన్‌బీ ఇంటికి వెళ్ళాను. నేను ఫిజిక్సు, ఆమె వృక్షశాస్త్రం. ఇరవై ఏళ్ళు ఒకే బస్సు. నేను ఊరికే వెళ్ళాను. వెళ్ళి చాలా రోజులైంది.

పర్వేజ్ ఇంటి పక్కనే ఉన్న హాల్లోకి తీసుకుపోయి కొత్త నేల చూపించాడు. మెరుస్తోంది.

"ఖర్చయినట్టుందే అబ్బయా?"

"ఏం చేసేది టీచరమ్మా, ఈ ఏడు మూఢం, ఆషాఢం ఒకదాని వెంట ఒకటి వచ్చినాయి. ఏప్రిల్ ఆఖర్లో ఒక పెళ్ళి, అంతే. ఖాళీయే కదా అని నేల పగలగొట్టినాను. మా వాళ్ళ ఫంక్షన్లు కూడా వద్దన్నాను. మళ్ళీ బోణీ వినోద్ సార్ వాళ్ళదే."

"మరి పనివాళ్ళకు కరెంటు?"

"దానికొక చిన్న లైను వేరే ఉండాది. పెద్ద లైను ఫంక్షన్ రోజు బిల్లు కొడితేనే."

జైతూన్ టీ గ్లాసులు పెడుతూ నన్ను చూసింది. "ఏంది ఆదెమ్మా, మా వాణ్ణి ప్రాక్టికల్ పరీక్షలో అడిగినట్టు అడుగుతుండావు?"

"ఊరికే" అన్నాను.

టీలో పంచదార ఎక్కువైంది. మొత్తం తాగాను.

ఆగస్టు 9

చెప్పలేదు.

ఆగస్టు 11

జైతూన్ మురుకులు పంపింది, వెన్న వేసి చేసినవి. థాంక్స్ చెప్పడానికి ఫోను చేశాను. మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. చెప్పలేదు.

నాకు ఖాయంగా తెలిస్తే కదా చెప్పడానికి. హాళ్ళకు అలాంటి రూలు లేదేమో. వినోద్ స్వయంగా సంతకం పెట్టాడు. చదువుకున్నవాడి మాట.

ఆగస్టు 14

చెప్పాలనే బయలుదేరాను. వాన వచ్చింది.

వాన పెద్దది కాదు.

ఆగస్టు 17

మొత్తం రాస్తాను. తొందరపడి రాస్తే రుచి పోతుంది.

మేము వెళ్ళేసరికి హాలు ముందు జనం. లోపల పూలు, సోఫాలు, వేదిక, అన్నీ ఉన్నాయి. వెలుతురు లేదు. ఏసీ లేదు. కుళాయిలో నీళ్ళు లేవు. అటు పొద్దు వాలుతోంది, ఇటు ఉక్క. పట్టుచీరల వాళ్ళు పెళ్ళి కార్డులతో విసురుకుంటున్నారు. పర్వేజ్ కంప్యూటరు ముందు కూర్చుని కొట్టిన బిల్లే కొడుతున్నాడు. తెర మీద ఎర్ర అక్షరాలు. 'అనుమతి లేదు.'

బిందు నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, అదే."

"ఏదే?" అన్నాను.

నువ్వు పట్టు పంచెలో చెమటతో నిలబడి ఫోను చేస్తున్నావు. నీ కంపెనీకి నువ్వే. నీకూ ఎత్తలేదు. ఫోన్లో కాసేపు ఆగమనే సంగీతం మోగుతూ ఉంది. నేను కుర్చీ తెప్పించుకుని నీకు దగ్గరగా వేయించుకున్నాను. గంగాధరాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టాను.

"వినోద్, ఆ ఫోను గట్టిగా పెట్టు. పెద్దవాళ్ళం, మాకూ వినపడాలి."

పెట్టావు. నేను చెబితే చేసే అలవాటు ఇంకా పోలేదు నీకు.

ఎత్తింది ఒక అమ్మాయి. చాలా మర్యాదగల పిల్ల. "సార్, ఈ అకౌంట్‌లో అరవై రోజులుగా బిల్లింగ్ లేదండి. సిస్టమ్ దాన్ని ఆటోమేటిక్‌గా లాక్ చేసింది. తిరిగి తెరవడానికి రేపు సాయంత్రం దాకా పడుతుందండి."

"నేను డీలర్ని! ఈ రోజు నా కూతురి పెళ్ళి రిసెప్షన్!"

"కంగ్రాచులేషన్స్ సార్."

"సరిగా వినపడలేదు" అన్నాను నేను. "రూలు ఎన్ని రోజులన్నది? మళ్ళీ అడుగు."

నువ్వు నా వంక చూశావు. నేను నీ వంక చూశాను.

"అడుగు అబ్బయా."

అడిగావు. అరవై అంది. గంగాధరం ఫోను వైపు వంగాడు. "ఏమ్మా, ఇది కోత మిషన్లకేనా, ఐసు ఫ్యాక్టరీలకి కూడానా?"

"అందరికీ ఒకటేనండి. ఈ జనవరి నుంచి ఉంది."

గంగాధరం కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "అబ్బయా, లేదని నాకు సంతకం పెట్టి ఇచ్చినావే?" అన్నాడు. పెద్దగా అనలేదు. చుట్టూ ఉన్న డైరెక్టర్లందరూ విన్నారు.

నీ అబద్ధం నువ్వే నమ్మావు, వినోద్. నమ్మకపోతే కూతురి పెళ్ళికి ముందు పర్వేజ్ చేత ఒక పది రూపాయల బిల్లు కొట్టించి ఉండేవాడివి.

అప్పుడు నేను అనుకున్న ఘట్టం ఒకటి మిగిలింది. నువ్వు అందరి ముందూ మా బిందు దగ్గరికి నడిచి వచ్చి, "అమ్మా, ఈ వైరు కొయ్యి" అని అడగాలి. ఆ అడగడం కోసం నేను రెండు నెలలుగా ఉప్పు లేని కూర తింటున్నాను.

తిరిగి చూస్తే బిందు లేదు.

హాలు మీద ఒక్కసారిగా వెలుతురు పడింది. జనం చప్పట్లు కొట్టారు. పట్టుచీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని, చేతిలో ఎవరిదో కటింగ్ ప్లయరుతో, మీటరు గదిలోంచి వచ్చింది నా మనవరాలు.

"ఒక్క పది నిమిషాలు ఆగలేకపోయావా?" అన్నాను చెవిలో.

"పెళ్ళికూతురు ఆ గదిలో ఉడికిపోతుండాది అమ్మమ్మా. ఏడుస్తుండాది."

వెళ్ళి చూశాను. నీ కూతురు సాయిలక్ష్మి. కాటుక చెంపల దాకా వచ్చింది. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టింది. "మీ గురించి నాన్న ఎప్పుడూ చెబుతుంటాడు. లెక్క తప్పు చేస్తే మీరు బోర్డు దగ్గరే నిలబెట్టేవారంట కదా?" అని ఏడుపులోనే నవ్వింది.

అవును, నిలబెట్టేదాన్ని. తప్పు చెయ్యని ఇంకో పిల్లను పక్కన నిలబెట్టేదాన్ని కాదు.

భోజనం బాగుంది. రెండోసారి పెరుగు వడ్డించుకున్నాను.

ఆగస్టు 18

జైతూన్ వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నీకు తెలుసు."

"నేను చెప్పింది ఫిజిక్సు జైతూన్, జోస్యం కాదు."

"ఆ రోజు నేల చూడ్డానికి రాలేదు నువ్వు. ఎన్నాళ్ళ నుంచి బిల్లు లేదో లెక్కపెట్టుకోడానికి వచ్చినావు. ఒక్క మాట చెప్పి ఉంటే నా కొడుకు ఒక బిల్లు కొట్టుకునేవాడు. పొద్దుటి నుంచి ఫోన్లు. దసరా తర్వాత పెళ్ళి పెట్టుకున్నోళ్ళు, మీ హాల్లో కరెంటు ఉంటాదా అని అడుగుతుండారు."

"మా బిందు బతుకు..."

"బిందు కోసమైతే నాకు చెప్పి చేసుండొచ్చు. నేనే నీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. వినోద్ మీద నాకు మాత్రం ప్రేమా?"

ఇది నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. రెండు నెలలు ఆలోచించినదాన్ని.

మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాను. తాగలేదు.

ఆగస్టు 20

సర్వసభ్య సమావేశం. గంగాధరం లేచి, ఐసు ఫ్యాక్టరీ మేనేజరు బిందు తప్పు ఏమీ లేదని, రేపటి నుంచి పనిలోకి రమ్మని చదివాడు. చేతులన్నీ లేచాయి. వెనక నుంచి ఎవరో, "ఆ పాప కోసినట్టే అందరం కోసుంటే మా చేప మిగిలుండేది" అన్నారు. బిందు తల వంచుకుని కూర్చుంది. ఈ పిల్లకు మెచ్చుకోలు కూడా బిగించలేదు.

నువ్వు రిపోర్టు వెనక్కి తీసుకున్నావు. నిలబడి చదివావు. నేను ముందు వరసలో కూర్చున్నాను, కళ్ళు తిప్పలేదు. ఇది ఇంకా తియ్యగా ఉంటుందనుకున్నాను.

తీరబంధు తీసేద్దామని ఒకరు అంటే గంగాధరం చేతులు చాచాడు. "ఎట్ల తీసేది? మూడేళ్ళ లెక్కలు, పడవలోళ్ళ బాకీలు, లారీల పేర్లు, అన్నీ వాళ్ళ దగ్గరే ఉండాయి. తీసేస్తే మనం ఎవరమో మనకే తెలియదు."

తరవాతి అంశం చదివించాడు.

వచ్చే దారిలో జైతూన్ ఇల్లు. తలుపు తీసే ఉంది. బిందు స్కూటరు ఆపనా అని అడిగింది. పోనీమన్నాను.

ఆగస్టు 21

ఈ పేజీ చింపి బిందుకు ఇస్తాను. మిగతావి ఇవ్వను.

బిందూ, సాయంత్రం డ్యూటీ దిగాక కావలి బజారుకు పో. ట్రంకు రోడ్డు మీద కరెంటు సామాన్ల కొట్లో చేంజోవర్ స్విచ్చి అడుగు. తీరబంధు మొండికేస్తే కరెంటును నేరుగా మళ్ళించేది, చేత్తో తిప్పేది, నాలుగు పోళ్ళది, పర్వేజ్ హాలు మొత్తం మోసేది. ఆంపియర్లు నువ్వే లెక్క కట్టు, నన్ను అడగకు. ఫోనుతో, యాప్‌తో నడిచేది చూపిస్తే దణ్ణం పెట్టి వెనక్కి ఇచ్చెయ్. డబ్బులు నా పెన్షన్ పర్సులో ఉన్నాయి. తీసుకుపోయి నువ్వే బిగించు. పర్వేజ్‌ను పక్కన నిలబెట్టుకుని రెండు సార్లు వాడి చేత తిప్పించు. ఎవరు పంపారని జైతూన్ అడగదు. అడిగితే మాత్రం నా పేరే చెప్పు. తాగడానికి ఏమిచ్చినా కాదనకు. ఏమీ ఇవ్వకపోతే, వచ్చి నాకు ఆ సంగతి కూడా చెప్పు.